ఎలుక కన్నంలో చేయి పెట్టిన పదో రోజు

ఇది రాయడానికి నాకు 5 నెలలు పట్టింది. ముందు చేతుల్లో సత్తువ లేదు, సత్తువ వచ్చాక, జబ్బుతో ఆసుపత్రిలో పడి ఉన్న ఆ రోజులు తలుచుకోవాలంటే భయం వేసింది. ఇప్పుడు రాత్రిళ్ళు కాస్త నిద్ర పడుతోంది కాబట్టి రాస్తున్నాను. పెరడు ఉన్నవాళ్ళు, ఇంట్లో ఎలుకలతో విసిగిపోయినవాళ్ళు, ముఖ్యంగా "ఎలుకలేగా, ఏం చేస్తాయి" అనుకునేవాళ్ళు చదవండి. నేనూ అలాగే అనుకున్నాను.

మా పెరట్లో కంపోస్ట్ గుంట పక్కన పాత చెక్కల దొంతర ఉండేది. దాని కింద ఎలుకలు కన్నాలు చేశాయి. మొదట్లో మొక్కల మొదళ్ళు కొరికేవి, తర్వాత పైపు పట్టుకుని ఎక్కి సామాన్ల గదిలోకి దూరడం మొదలుపెట్టాయి. అవి రోజూ ఒళ్ళు రాసుకుంటూ పోయే దారిలో గోడ అడుగున నల్లగా జిడ్డు చార పడింది. అది చూసినప్పుడల్లా ఒళ్ళు మండిపోయేది. ఒక ఆదివారం, ముందు రోజంతా వాన పడి నేల మెత్తబడింది కదా అని, చెక్కలు పక్కకు లాగేసి కన్నంలోకి గొట్టంతో నీళ్ళు వదిలాను. అవి పారిపోతే తవ్వి పూడ్చేద్దామని. చెప్పులు బురదలో దిగబడుతున్నాయని విప్పేశాను. గ్లవ్స్ ఉన్నాయి, లోపల అలమరలో. లేచి వెళ్ళి తెచ్చుకోలేదు. కన్నానికి అడ్డం పెట్టడానికి ఇనప జాలీ కత్తిరిస్తుంటే కుడి చూపుడు వేలికి, గోరు పక్కన, చిన్న గీత పడింది. రక్తం కూడా సరిగ్గా రాలేదు. ఆ వేలితోనే ఇంకో గంటసేపు బురద తోడాను. లోపల వాటి గూడు దొరికింది, గుడ్డపీలికలు, కాగితం ముక్కలు తడిసి ముద్దై కంపు కొడుతున్నాయి. చేత్తోనే తీసి అవతల పడేశాను.

పదో రోజు సాయంత్రం చలిజ్వరం వచ్చింది. అప్పటికి ఆ ఆదివారం సంగతే నాకు గుర్తు లేదు.

జ్వరం వచ్చిన రెండో రోజు దగ్గర్లోని క్లినిక్‌కి వెళ్తే వైరల్ ఫీవర్ అని మాత్రలు రాశారు. అందులో తప్పేం లేదు, మొదటి రెండు రోజులు ఎవరికైనా అలాగే కనిపిస్తుంది. కానీ నాలుగో రోజుకి నా పిక్కలు ఎవరో లోపలినుంచి మెలిపెడుతున్నట్టు అయిపోయాయి. మంచం మీదనుంచి బాత్రూం దాకా గోడ పట్టుకుని వెళ్ళేదాన్ని. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోయేది. కళ్ళు ఎర్రబడ్డాయి. మళ్ళీ అదే డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. డెంగీ టెస్టు చేయిస్తే నెగెటివ్, ప్లేట్‌లెట్లు 90 వేలు. కాళ్ళు చూడండి డాక్టర్ గారూ, అడుగు తీసి అడుగు వేయలేకపోతున్నాను అంటే ఆయన తల కూడా ఎత్తకుండా, "ఆడవాళ్ళకి కాళ్ళ నొప్పులు ఎప్పుడూ ఉండేవేగా అమ్మా" అన్నారు. అని, నొప్పి బిళ్ళలు రాశారు. నేను రెండు రోజులు అవి వేసుకున్నాను. మూత్రపిండాలు దెబ్బతినే జబ్బులో ఆ రకం నొప్పి బిళ్ళలు ఇంకా చెరుపు చేస్తాయని తర్వాత తెలిసింది. ఆయన అన్న ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు కడుపు రగిలిపోతుంది. పిక్క మీద ఒక్కసారి చేయి వేసి చూస్తే సరిపోయేది. ఒక్కసారి.

ఆరో రోజుకి కళ్ళు పచ్చబడ్డాయి, వాంతులు ఆగలేదు. మా ఆయన, చెల్లి కలిసి పెద్దాసుపత్రిలో చేర్పించారు. రక్తాలు తీశారు, స్కాన్ చేశారు, మూత్రానికి గొట్టం వేశారు. అవన్నీ నాకు సరిగ్గా గుర్తు లేవు. గుర్తున్నదల్లా ఆ రాత్రే.

మంచం పక్కన వేలాడే ఆ మూత్రం సంచీ మీద గీతలుంటాయి, అంకెలుంటాయి. రాత్రి 9 గంటలకి అడుగున కాస్త ముదురు రంగు నీళ్ళు ఉన్నాయి. 10 గంటలకీ అంతే. సెలైన్ మాత్రం ఎక్కుతూనే ఉంది. లోపలికి పోతున్న నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో తెలియక నా పాదాలు చూసుకున్నాను, ఉబ్బి మెరుస్తున్నాయి. మా ఆయన గంట గంటకీ వంగి ఆ సంచీని వెలుతురుకి ఎత్తి చూసి, ఎవరు అటు వస్తే వాళ్ళని "వచ్చిందా? ఏమన్నా వచ్చిందా?" అని అడుగుతున్నారు. అందరి ముందూ ఎప్పుడూ నిబ్బరంగా ఉండే మనిషి. ఆ గొంతు విన్నాకే నేను చచ్చిపోతానేమో అని మొదటిసారి అనిపించింది. పిల్ల గుర్తొచ్చింది. దాని స్కూల్ బట్టలు ఎక్కడ పెట్టానో ఎవరికీ తెలియదు, చెప్పాలి అనుకున్నాను, నోరు పెగల్లేదు.

11 దాటాక డ్యూటీ మారి ఒక సిస్టర్ వచ్చింది. చిన్న పిల్లే, పాతికేళ్ళు కూడా ఉండవేమో. సెలైన్ సరిచేస్తూ నా కాలి మీద చేయి ఆనించింది, నేను కేక పెట్టాను. చేయి తీసి, మళ్ళీ మెల్లగా పిక్క దగ్గర తాకి చూసింది. తర్వాత టార్చి తెచ్చి కళ్ళు చూసింది. "ఇంత ఎర్రగా ఉన్నాయి, పుసి లేదేంటమ్మా" అని తనలో తనే అనుకుని, ఇంకాస్త దగ్గరికి వంగి అడిగింది. "ఈమధ్య బురదలో గానీ మురికినీళ్ళలో గానీ దిగారా? మీ ఇంట్లో ఎలుకలున్నాయా?"

ఆరు రోజుల్లో ఎవరూ అడగని మాట అది. నేను వేలు చూపించాను. గీత అప్పటికి మానిపోయింది, సన్నటి తెల్ల మచ్చ మిగిలింది.

ఆ అమ్మాయి పరుగులాంటి నడకతో వెళ్ళి డ్యూటీ డాక్టర్‌ని తీసుకొచ్చింది. ఆయన రిపోర్టులు మళ్ళీ చూశారు. ప్లేట్‌లెట్లు 38 వేలు, మూత్రపిండాలు దెబ్బతిన్నాయని చెప్పే క్రియాటినిన్ 5.8, కామెర్లు. లెప్టోస్పైరోసిస్ అయ్యుంటుంది, ఎలుక జ్వరం అంటారు అని చెప్పి, టెస్టుకి రక్తం పంపించి, ఫలితం వచ్చేదాకా ఆగకుండా ఆ అర్ధరాత్రే సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. రెండు రోజుల తర్వాత రిపోర్టులో పాజిటివ్ అని వచ్చింది. అలా ఆగకుండా మొదలుపెట్టినందుకు ఆయనకి, ఆ ఒక్క ప్రశ్న అడిగినందుకు ఆ సిస్టర్‌కి నేను రోజూ దణ్ణం పెట్టుకుంటాను. దేవుడు ఆ రాత్రి ఆ డ్యూటీ ఆ పిల్లకే వేయించాడని నా నమ్మకం. ఎవరు ఏమనుకున్నా సరే.

ఆ తర్వాత మూడు డయాలసిస్‌లు అయ్యాయి. ఆసుపత్రిలో చేరిన ఎనిమిదో రోజు నుంచి సంచీ నిండడం మొదలైంది, ఆగకుండా నిండింది. పదహారో రోజు ఇంటికి పంపారు.

డాక్టర్లు చెప్పినదాన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. ఈ క్రిమి ఎలుక మూత్రపిండాల్లో ఉంటుంది, ఎలుకకి ఏమీ కాదు, మూత్రంలో బయటికి వస్తూ ఉంటుంది. ఎండితే చస్తుంది. తడి మట్టిలో, నిలవ నీళ్ళలో వారాల తరబడి బతుకుతుంది. చర్మం మీద గీతలోంచి, కళ్ళలోంచి, ముక్కు, నోటిలోంచి మనలోకి వస్తుంది. తగిలాక జ్వరం రావడానికి 2 రోజుల నుంచి 30 రోజుల దాకా పట్టొచ్చు, ఎక్కువమందికి 5 నుంచి 14 రోజుల్లో వస్తుంది. అందుకే మనకి ఆ పని, ఈ జ్వరం కలిపి తోచవు. మొదట్లోనే పట్టుకుంటే డాక్సీసైక్లిన్ అనే మామూలు యాంటీబయాటిక్ మాత్రలతో పోయే జబ్బట. నేను పెరట్లో చేసిన ఘనకార్యం ఏమిటంటే, కన్నంలోకి నీళ్ళు వదిలి దానికి కావలసిన తడి నేనే ఇచ్చాను, వేలికి గీత పెట్టి దారి కూడా నేనే ఇచ్చాను. ఇది తెలిసిన రోజు చాలా ఏడ్చాను.

కోలుకున్నాక ఫైల్ పట్టుకుని ఆ మొదటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. గొడవ పెట్టుకుందామనే వెళ్ళాను. ఆయన అన్నీ తిరగేసి, "మీరు ఎలుకల సంగతి నాకు చెప్పలేదు కదమ్మా" అన్నారు. నిజమే, చెప్పలేదు. మీరు అడగలేదు అన్నాను. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. లేచి వచ్చేశాను. సారీ అనలేదాయన. అంటే నా కోపం తగ్గేదేమో, తెలియదు.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన పెరడంతా ఖాళీ చేసి ఉంచారు. కోపంతో ఇల్లంతా ఎలుకల మందు పెట్టేస్తానంటే నేనే ఆపాను. రక్తం పల్చబరిచే రకం ఎలుకల మందు తిన్న ఎలుక వెంటనే చావదు, రోజులు తిరిగి ఎక్కడో గోడ సందులో చస్తుంది, దాన్ని తిన్న పిల్లికీ గుడ్లగూబకీ ముప్పు. ఇక పసుపు ఫాస్ఫరస్ పేస్టుకైతే విరుగుడే లేదు, చిన్న పిల్ల ఉన్న ఇంట్లో దాని జోలికే పోవద్దు. మేం దారులు మూశాం. చిట్టెలుకకి పెన్సిల్ పట్టేంత సందు చాలు, 6 మిల్లీమీటర్లు. పైపుల చుట్టూ ఉక్కు పీచు కుక్కి పైన సిమెంట్ పూశాం. గోడ వెంబడి బోన్లు పెట్టి మూడు నాలుగు రోజులు తలుపు బిగించకుండా ఎర మాత్రం వేశాం. పెద్ద ఎలుకకి కొత్త వస్తువంటే అనుమానం, దానికి అలవాటు కావాలి. ఐదో రోజు బిగిస్తే వరసగా పడ్డాయి. చెక్కలు నేలకి ఆనకుండా ఎత్తు మీద పేర్చాం, కంపోస్ట్‌కి మూత, అడుగున జాలీ.

ఎలుక పెంటికలు కనిపిస్తే పొడిగా ఊడ్చకండి, దుమ్ము లేస్తుంది. కిటికీలు తెరిచి, గ్లవ్స్ వేసుకుని, ఒక వంతు బ్లీచ్‌కి పది వంతుల నీళ్ళు కలిపి బాగా తడిపి, ఐదు నిమిషాలు ఆగి అప్పుడు తుడవండి. బురద పని తర్వాత రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే, డాక్టర్ అడిగినా అడగకపోయినా ఆ సంగతి మీరే మొదట చెప్పండి. బతిమాలి చెబుతున్నాను.

నీరసం పోవడానికి 3 నెలలు పట్టింది. ఇప్పుడు గ్లవ్స్ పెరటి తలుపుకే మేకు కొట్టి తగిలించి ఉన్నాయి. రాత్రి ఎప్పుడైనా మెలకువ వచ్చి బాత్రూంకి వెళ్ళొస్తే, ఆ చప్పుడుకి మా ఆయనకీ మెలకువ వస్తుంది. కళ్ళు తెరవకుండానే "వచ్చిందా?" అంటారు. వచ్చింది, పడుకోండి అంటాను. అప్పుడు అటు తిరిగి పడుకుంటారు.