థర్మోపొలిస్‌లో ఆగిపోయిన మూడు గంటలు

జూలైలో వయోమింగ్ రాష్ట్రంలోని కోడీ ఊళ్ళో రూమ్ దొరకడమే గగనం, దొరికినా రాత్రికి 260 డాలర్లు. ఎల్లోస్టోన్ నేషనల్ పార్క్ తూర్పు గేటుకి పోయేవాళ్ళు చాలామంది ఇక్కడే పడుకుంటారు కాబట్టి వాళ్ళు చెప్పిందే రేటు. పొద్దున ఫ్రీ బ్రేక్‌ఫాస్ట్ అని బోర్డు పెట్టి ఒక ఎండిపోయిన మఫిన్, నీళ్ళలాంటి కాఫీ ఇచ్చారు. మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర లేకపోతే ఆ పూట పస్తే.

బామ్మర్ది హైదరాబాద్ నుంచి విజిట్ వీసా మీద వచ్చాడు, వాడికి ఎల్లోస్టోన్‌లో నేలలోంచి వేడినీళ్ళు చిమ్మే గీజర్లు చూడాలని. నాకేమో కోడీలోని బఫెలో బిల్ సెంటర్‌లో ఉన్న తుపాకుల మ్యూజియం చూడాలని ఏళ్ళ నాటి కోరిక. డెన్వర్ నుంచి క్యాస్పర్ మీదుగా ఎనిమిది గంటల డ్రైవింగ్. డిక్కీలో తాళం వేసిన పెట్టెలో నా లివర్ యాక్షన్ రైఫిల్ కూడా ఉంది, అంటే ట్రిగ్గర్ దగ్గరుండే లివర్‌ని కిందికీ పైకీ ఆడిస్తే తూటా ఎక్కే రకం. థర్టీ థర్టీ అనే సైజు తూటాలది, సరిగ్గా నేను పుట్టిన ఏడాది తయారైంది. సిటిజన్‌షిప్ వచ్చాక కొన్న మొదటి పాత రైఫిల్ అది, తర్వాత ఇంకో రెండు చేరాయనుకోండి, కానీ దాని మీద ఉన్న ప్రేమ వేరు. వాల్‌నట్ కర్ర బట్, ఎవరో యాభై ఏళ్ళు చెంప ఆనించీ ఆనించీ ఒకచోట నున్నగా అద్దంలా అయిపోయింది.

కోడీ బయట బీఎల్ఎం వాళ్ళ ప్రభుత్వ భూమిలో, వెనక మట్టిగుట్ట ఉన్నచోట చూసుకుని కాల్చాను. బామ్మర్ది విజిట్ వీసా కాబట్టి, వేట లైసెన్స్ లేకుండా వాడు ముట్టుకోవడానికి కూడా లేదు, దూరంగా నిలబడి చూస్తున్నాడు. నాలుగో తూటాకి లివర్ సగంలో బిగుసుకుపోయింది. కిందికీ రాదు, పైకీ పోదు. అమ్మినాయన మూడేళ్ళ క్రితం నా కళ్ళలోకి చూస్తూ "ఒక్కసారి కూడా ఇరుక్కోలేదు" అన్నాడు, నేను 650 డాలర్లు లెక్కపెట్టి ఇచ్చాను. ఇది ఇరుక్కోవడం అప్పటికి అయిదోసారి. గొట్టం గుట్టవైపే ఉంచి, లివర్ స్క్రూ ఒక్కటి తిప్పి, లివర్ ఊడదీసి, బోల్ట్ వెనక్కి లాగితే అప్పుడు బయటపడింది, తూటాని పైకెత్తే క్యారియర్ కింద ఇంకో తూటా దూరి కూర్చుంది. కోపం కన్నా బాధేసింది, ఇంట్లో ఇష్టమైన మనిషికి జబ్బు చేసి, ఏ జబ్బో తెలీనట్టు.

మ్యూజియం గురించి ఎంతైనా రాయొచ్చు కానీ నేను ఎక్కువసేపు నిలబడింది 1860 నాటి హెన్రీ రైఫిల్ ముందు. ఇత్తడి ఫ్రేము, గొట్టం కింద పదిహేను పదహారు తూటాలు పట్టే ట్యూబు. ఆ ట్యూబుకి కింద పొడుగునా చీలిక ఉంటుంది, తూటాల్ని వెనక్కి తోసే చిన్న మీట అందులోంచి బయటికి పొడుచుకొచ్చి, తూటాలు ఖర్చయ్యేకొద్దీ వెనక్కి జరుగుతూ వస్తుంది. ఎడమచెయ్యి మామూలుగా పట్టుకునే చోటే పట్టుకుంటే మీట చేతికి తగిలి ఆగిపోతుంది, తూటా రాదు. అందుకని మధ్యలో చెయ్యి తీసి అవతల పెట్టుకోవాలి. పైగా ఆ చీలికలోంచి మన్నూ దుమ్మూ లోపలికి. 1866 వించెస్టర్‌లో ట్యూబు మూసేసి, పక్కనుంచి తూటాలు తోసే తలుపు పెట్టేదాకా వాడినవాళ్ళు అలాగే సర్దుకున్నారు. అమెరికా అంతర్యుద్ధంలో సైనికులు సొంత డబ్బుతో కొనుక్కున్నారు ఆ రైఫిల్ని, లోపం తెలిసీ. నాకు అక్కడే మనసు కొంచెం కుదుటపడింది.

1964 ముందు, తర్వాత వచ్చిన వించెస్టర్ 94 అనే లివర్ యాక్షన్ రైఫిళ్ళ తేడా కూడా అక్కడే మళ్ళీ గుర్తొచ్చింది. ఖర్చు తగ్గించడానికి ఆ ఏడాది నుంచి తూటాని ఎత్తే భాగాన్ని రేకుతో కొట్టి చేశారు, అందుకే ఇవాళ్టికీ 64 ముందువాటికే గిరాకీ. ఊళ్ళో షాపులో అలాంటిదొకటి 1400 డాలర్లు చెప్పారు, చెయ్యి కూడా పెట్టలేదు.

ఎల్లోస్టోన్ రెండు రోజులూ బాగుంది, జనం ఎక్కువ, దాని గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు.

తిరుగు ప్రయాణంలో థర్మోపొలిస్ ఊళ్ళో పెట్రోల్ కొట్టిస్తుంటే కౌంటర్ పక్కన గోడ మీద చేత్తో రాసిన కార్డు, తుపాకులు బాగుచేస్తానని. బామ్మర్ది మొహం మాడింది. "బావా, వేడినీళ్ళ గుండంలో మునిగి వెళ్దాం అన్నావు కదా!" నువ్వెళ్ళు, నేను పావుగంటలో వస్తానన్నాను. అక్కడి స్టేట్ బాత్ హౌస్‌లో స్నానం ఉచితం. 1896లో షోషోనీ, అరాపహో తెగలు ఆ బుగ్గలున్న భూమి ఇచ్చినప్పుడు జనానికి నీళ్ళు ఉచితంగా ఉండాలనే మాట మీదే ఇచ్చాయి, అది ఇప్పటికీ నడుస్తోంది. కాకపోతే 20 నిమిషాలే.

ఆ కార్డు పెట్టిన పెద్దాయనకి ఎనభై దగ్గర ఉంటాయి. ఇంటి వెనక షెడ్డు, నూనె వాసన. నేను జబ్బు సగం చెప్పేలోపే లివర్ ఊడదీసి, క్యారియర్ బయటికి తీసి, నా చెయ్యి పట్టుకుని గోరుతో దాని అడుగున తడమమన్నాడు. గోరు తగులుకుంది. సన్నటి గాడి, జొన్నగింజ పట్టేంత కూడా లేదు. లివర్ అంచు పదునుగా ఉండి వేలసార్లు అక్కడే రాసుకుంటే ఇనుము అరిగి ఆ గాడి పడిందట. క్యారియర్ లేవాల్సిన క్షణం కన్నా పిసరు ఆలస్యంగా లేస్తుంది, ఆ సందులో రెండో తూటా అంచు కిందికి దూరిపోతుంది. ఇంతే. నేను మూడేళ్ళు ట్యూబ్ స్ప్రింగ్‌నీ, తూటాల్నీ అనుమానించాను.

లివర్ అంచుని రాయి మీద గుండ్రంగా రుద్దాడు. గాడిలో చిన్న వెల్డింగ్ చుక్క పెట్టి, చల్లారాక ఆకురాయితో రాసి, బిగించి, డమ్మీ తూటాలు ఆరు వేసి ఆడించాడు. ఊహూ అని మళ్ళీ విప్పాడు. అలా నాలుగుసార్లు. నాకు పావుగంట మాటే గుర్తులేదు.

మధ్యలో మీ దేశంలో తుపాకులు ఉంటాయా అని అడిగితే మా తాతయ్య గురించి చెప్పాను. గిద్దలూరు దగ్గర నల్లమల అంచున మా చేలు, వేరుశనగ మీద అడవిపందులు పడేవి, పంట కాపలాకని సింగిల్ బ్యారెల్‌కి లైసెన్స్ ఉండేది. ఎలక్షన్లొస్తే స్టేషన్లో డిపాజిట్ చెయ్యాలి, తిరిగొచ్చేసరికి ఎక్కడో ఒకచోట తుప్పు చుక్క ఉండేది, తాతయ్య ఏమీ అనకుండా కొబ్బరినూనె గుడ్డతో సాయంత్రం దాకా తుడుస్తూ కూర్చునేవాడు. వానాకాలం కాగితపు తూటాలు తేమకి ఉబ్బి గొట్టంలోకి దిగేవి కావు, అందుకని బియ్యం డబ్బాలో దాచేవాడు. ఆ మాటకి పెద్దాయన పనాపి తలెత్తి, "మా నాన్న పొయ్యి వెనక అరలో పెట్టేవాడు" అన్నాడు.

60 డాలర్లు తీసుకున్నాడు, ఎంత బలవంతం చేసినా పైన ఒక్కటి తీసుకోలేదు. చివరిసారి ఆరు డమ్మీలూ నా చేతే ఆడించాడు, నెమ్మదిగా ఒకసారి, గట్టిగా ఒకసారి. ఆరూ టకటకా వచ్చి బల్ల మీద పడ్డాయి.

బామ్మర్ది బాత్ హౌస్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, మూడు గంటలయిందట. సారీ రా అన్నాను. విండ్ రివర్ కాన్యన్‌లో సిగ్నల్ పోయింది, షొషోనీ అనే ఊరు దాటాక అమ్మకి ఫోన్ చేసి తాతయ్య తుపాకీ ఏమైందని అడిగాను. తాతయ్య చనిపోయిన నెలలోనే స్టేషన్లో అప్పజెప్పారు, లైసెన్స్ ఎవరూ మార్పించుకోలేదు, తర్వాత సంగతి తెలీదంది.

"డబ్బా మాత్రం ఉంది రా. మినప్పప్పు పోస్తున్నా అందులో."