పెద్ద కారణమేమీ లేదు

బుధవారం రాత్రి, కర్నూలు

ఈ రోజు కూడా ఐదు కాకముందే మెలకువ వచ్చేసింది. ఇదివరకైతే ఆ చీకట్లోనే లెక్కలు మొదలయ్యేవి. బాబు ట్యూషన్ ఫీజు, అమ్మ మోకాళ్ళు, ఆఫీసులో మిగిలిపోయిన ఫైళ్ళు, ఎప్పుడో ఎవరో అన్న ఒక మాట. ఇప్పుడు మెలకువ వస్తే లేచి వరండాలోకి పోతున్నాను. నిద్ర కోసం పెనుగులాడుతూ అట్లే పడుకుంటే మంచం అంటేనే టెన్షన్ పుడుతుందని, ఇరవై నిమిషాలు చూసి రాకపోతే లేచి వేరే చోట కూర్చోమని కౌన్సెలింగ్ మేడం చెప్పారు. కూర్చున్నాను. పాలబ్బాయి వచ్చి పోయాడు. ఎదురింటామె కల్లాపి చల్లింది. గుండె దడ కాసేపు ఉండి తగ్గింది. అది తగ్గుతుందని ముందే తెలిసి ఉండడం నాకు కొత్త, చాలా ధైర్యం కూడా.

బొరుగులు తడిపి ఉగ్గాణి చేశాను. "బజ్జీ లేదా?" అన్నాడు బాబు. "సాయంత్రం వేస్తాలే నాయనా" అన్నాను. ఇంత మామూలుగా ఆ మాట వచ్చినందుకు నాకు సంతోషం వేసింది. వేసవిలో ఇట్లాంటి చిన్న ప్రశ్నకే వాడి మీద విరుచుకుపడేదాన్ని, తర్వాత బాత్రూంలోకి పోయి కొళాయి తిప్పి ఏడ్చేదాన్ని. రాజ్‌విహార్ దగ్గర సిగ్నల్ పడి స్కూటీ ఆపితే కారణం లేకుండా కళ్ళు నిండేవి.

కారణం లేకుండా. నన్ను ఎక్కువ కాలం ఆపింది ఈ మాటే.

అమ్మ మాతోనే ఉంటుంది. నేను కౌన్సెలింగ్‌కు పోతానని చెప్పిన రోజు ఆమె అన్నది: "వరదొచ్చినప్పుడు మన ఇంట్లో నిలువెత్తు నీళ్ళు. బియ్యం, బట్టలు, నీ సర్టిఫికెట్లు, అన్నీ బురద పాలు. అప్పుడు గూడ మేం ఏ డాక్టర్ దగ్గరికీ పోలేదు గదమ్మా. ఇప్పుడు నీకేం తక్కువైందని?" 2009 అక్టోబర్ మొదట్లో తుంగభద్ర, హంద్రీ ఒక్కసారిగా ఊళ్ళోకి వచ్చినప్పుడు మేం పాతబస్తీలో ఉండేవాళ్ళం. మిద్దె మీద కూర్చుని తెల్లవార్లూ నీళ్ళ చప్పుడు విన్నాం. అమ్మ నన్ను తక్కువ చేయాలని అనలేదు, నిజంగానే అర్థం కాక అడిగింది. నాకూ జవాబు దొరకలేదు. మా ఆయన మంచివాడు, ఉద్యోగం ఉంది, సొంత ఇల్లుంది. ఏమీ తక్కువ కాలేదు. అయినా ఉదయం లేవాలంటే ఒళ్ళంతా బరువు, ఇష్టమైన కూర ముందున్నా రుచి లేదు, ఎవరైనా ఫోన్ చేస్తే తీయబుద్ధి కాదు.

మొదట మామూలు డాక్టర్ దగ్గరికే పోయాను, ఛాతీ పట్టేస్తోందని. ఈసీజీ తీశారు, రక్తం తీసి థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 చూశారు. థైరాయిడ్ సరిగా పనిచేయకపోయినా, రక్తం తక్కువున్నా మనిషి ఇట్లే నీరసపడి దిగులుగా ఉండొచ్చు, అందుకే అవి ముందు చూడాలట. ఈ పరీక్షలు చేయించుకోవడం మంచి పని, ఎవరైనా అడిగితే నేనూ అదే చెబుతాను. అన్నీ నార్మల్. రిపోర్టు చూసి ఆయన, "మీ బాధ అబద్ధం అని కాదమ్మా, అది ఈ కాగితాల్లో దొరికే బాధ కాదు" అని కౌన్సెలింగ్‌కు పొమ్మన్నారు. ఆయనకు నేను రుణపడి ఉంటాను.

మొదటి సెషన్ గురించి ఎక్కడా రాసుకోలేదు, ఈ రోజైనా రాసిపెట్టుకోవాలి. సినిమాల్లో చూపించినట్టు పడుకోబెట్టి కళ్ళు మూసుకోమంటారేమో అనుకున్నాను. రెండు కుర్చీలు, ఒక బల్ల, నీళ్ళ బాటిల్, టిష్యూల డబ్బా, అంతే. ముందు చాలాసేపు ప్రశ్నలే. నిద్ర ఎట్లుంది, ఆకలి ఎట్లుంది, ఏమైనా మందులు వాడుతున్నారా, ఇంట్లో ఎవరెవరున్నారు, వాళ్ళలో ఎవరికైనా ఇట్లాంటి ఇబ్బంది ఉండేదా. తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి ఇచ్చారు. గత రెండు వారాల్లో ఒక్కో ఇబ్బంది ఎంత తరచుగా ఉందో సున్నా నుంచి మూడు వరకు వేయాలి, మొత్తం 27కి. పది గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే పట్టించుకోవాల్సిందేనట. నాది పది దాటింది. "చచ్చిపోతే బాగుండు అనిపించిందా?" అని కూడా సూటిగా, మెత్తగా అడిగారు. నేను ఉలిక్కిపడ్డాను. అట్లా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు గానీ అది నిజం కాదని, అడిగితేనే మనసులో ఉన్నవాళ్ళు చెప్పుకోగలుగుతారని తర్వాత వివరించారు. నాకు అట్లా లేదు. కానీ ఒక మనిషి నన్ను ఆ మాట అడిగేంత శ్రద్ధగా చూస్తోందని తెలిసి ఏడుపొచ్చింది.

ఇక్కడ చెప్పేది బయటికి పోదని మొదటి రోజే చెప్పారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం అది నా హక్కు. నా ప్రాణానికో వేరేవాళ్ళ ప్రాణానికో ప్రమాదం ఉంటే మాత్రం చెప్పాల్సిన వాళ్ళకు చెబుతామన్నారు. ఆ ఒక్క మినహాయింపు కూడా ముందే చెప్పినందుకు నాకు నమ్మకం ఇంకా పెరిగింది.

నేను మాత్రం మళ్ళీ క్షమాపణ అడిగినట్టు, "పెద్ద కారణమేమీ లేదు మేడం" అన్నాను. "కారణం పెద్దదేనా అని తూచి లోపలికి పంపించేవాళ్ళు ఇక్కడ ఎవరూ లేరు. మీకు కష్టంగా ఉంది, వచ్చారు. అది చాలు" అన్నారు.

ఈ రోజు సెషన్‌కు గంట ముందే పర్మిషన్ అడిగి బయలుదేరాను. మా ఆయన అంగడి వదిలి వచ్చి దింపిపోయారు. మొదట్లో ఆయన బయటికి రాగానే "ఏం మాట్లాడినారు?" అని అడిగేవారు. ఇప్పుడు "టీ తాగుదామా?" అంటారు. అది ఆయన నేర్చుకున్నది. మనవాళ్ళు కౌన్సెలింగ్‌కు పోతుంటే ఇంట్లోవాళ్ళు చేయగలిగిన పెద్ద సాయం ఇదేనని నా గట్టి నమ్మకం. చెప్తే వినాలి, చెప్పకపోతే గుచ్చి గుచ్చి అడగకూడదు.

మేడం సలహాలు ఇవ్వరు. ఇది అలవాటు కావడానికి టైం పట్టింది. "నేనేం చేయాలి?" అని అడిగితే, "ఇంతకు ముందు ఇట్లాంటప్పుడు మీకు ఏది పనిచేసింది?" అని తిరిగి అడుగుతారు. ఒక్కోసారి నేను మాట ఆపేస్తే తను కూడా ఏమీ అనరు. ఆ నిశ్శబ్దం మొదట్లో భయంగా ఉండేది, ఇప్పుడు అందులోనే అసలు విషయం బయటికొస్తోంది. ఈ వారం నాలుగు గడుల కాగితం నింపుకుని పోయాను: ఏం జరిగింది, వెంటనే ఏం ఆలోచన తట్టింది, బాధ నూటికి ఎంత, ఆ ఆలోచనకు అటూ ఇటూ రుజువులేంటి. సోమవారం మా ప్రిన్సిపాల్ సార్ కారిడార్‌లో ఎదురై పలకరించకుండా పోయారు. నా పనిలో ఏదో తప్పు దొరికిందనే ఆలోచన తట్టింది. బాధ 80. అటు రుజువు, ఆయన మాట్లాడలేదు. ఇటు రుజువు, ఆయన చెవి దగ్గర ఫోన్ ఉంది, మధ్యాహ్నం హాల్‌టికెట్ల పని నన్నే పిలిచి అప్పజెప్పారు. మళ్ళీ వేసుకుంటే 40. "ఇంకా 40 మిగిలింది కదా మేడం" అన్నాను. సున్నా చేయడం మన పని కాదు, 80తో రాత్రంతా మేలుకోకుండా ఉంటే చాలు అన్నారు.

ఈ పద్ధతిని సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అంటారు. 1960లలో ఆరన్ బెక్ అనే అమెరికా మానసిక వైద్యుడు డిప్రెషన్ ఉన్నవాళ్ళతో పనిచేస్తూ, ఏదైనా జరిగిన మరుక్షణం వాళ్ళ మనసులో తమంతట తాముగా తట్టే ఆలోచనలను గమనించి దీన్ని మొదలుపెట్టారు. మామూలుగా 6 నుంచి 20 సెషన్ల దాకా పడుతుంది. రెండుసార్లు పోయి "ఏం మారలేదు" అని మానేయాలనిపించడం సహజం, నాకూ అనిపించింది. కొన్ని వారాల్లో, సెషన్‌కు పోకముందు కంటే పోయొచ్చాకే బరువుగా ఉంటుంది. ఎన్నేళ్ళుగానో మూసిపెట్టిన సంగతులు తెరిచి వస్తాం కదా. ఈ రోజు బయటికొచ్చేసరికి తల నొప్పి, ఒళ్ళంతా పిండి ఆరేసిన బట్టలా ఉంది. సెషన్ ఉన్న సాయంత్రం వేరే పని పెట్టుకోకపోవడం మంచిది.

పొద్దున ఆఫీసులో జరిగింది కూడా రాయాలి. ఆలూరు నుంచి వచ్చే మా కొలీగ్, "బుధవారం బుధవారం ఎక్కడికి పోతావక్కా?" అని అడిగింది. దాచకుండా చెప్పాను. ఆమె అటూ ఇటూ చూసి కుర్చీ దగ్గరికి జరుపుకుని తమ్ముడి సంగతి చెప్పింది. డిగ్రీ ఆపేశాడు, గది దాటి రాడు. సైకియాట్రిస్టు మందులు రాస్తే వారం వేసుకుని గుణం లేదని పక్కన పడేశాడు. డిప్రెషన్ మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుందని, డాక్టర్‌ను అడగకుండా ఆపకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదట. ఇట్లాంటి మామూలు విషయాలు కూడా మనవాళ్ళకు అందకపోవడం చూస్తే మనసుకు చాలా కష్టంగా ఉంటుంది. నేను తెలుసుకున్నదంతా చెప్పాను. మందులు రాసేది సైకియాట్రిస్టు, ఆయన మానసిక వైద్యంలో పైచదువు చదివిన డాక్టర్. మాటలతో వైద్యం చేసే క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, వాళ్ళకు భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఉందా అని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. డబ్బుకు ఇబ్బందైతే పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. రాత్రిపూట ఏం చేయాలో తోచకపోతే 14416కి ఫోన్ చేయొచ్చు. అది టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది, 24 గంటలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

"మా ఊళ్ళో తెలిస్తే?" అంది. ఆలూరుకు పక్కనే ఉన్న బళ్ళారి జిల్లాలోనే 1980లలో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు మామూలు ఆరోగ్య కేంద్రాల్లో కూడా మానసిక వైద్యం చేయొచ్చని చూపించారని, దాన్ని బట్టే 1996లో దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైందని చెప్పాను. ఆమె ముఖం కొంచెం తేటపడింది. పట్నాల వాళ్ళ కోసమే పుట్టిన వైద్యం కాదిది, మన సీమ పక్క పల్లెల్లో పెరిగినదే. 14416 చీటీ మీద రాయించుకుని పర్సులో పెట్టుకుంది.

సాయంత్రం మాట ఇచ్చినట్టే మిరపకాయ బజ్జీలు వేశాను. అమ్మ పిండి కలిపింది. టీవీలో తుంగభద్ర డ్యాం గేట్లు ఎత్తారని వార్త వస్తే ఆమె చెయ్యి ఆగిపోయింది. ప్రతి ఏడూ ఇంతే. ఆ వార్త వచ్చిన రాత్రి ఇంటి కాగితాలన్నీ ప్లాస్టిక్ కవర్లో కట్టి అటక మీద పెడుతుంది. మేం ఇప్పుడు ఉండేది ఎత్తు మీద, అక్కడికి నీళ్ళు రావు. అయినా పెడుతుంది. ఇన్నేళ్ళూ అది అమ్మ జాగ్రత్త అనుకున్నాం. ఈ రోజు నేను స్టవ్ కట్టేసి పక్కన కూర్చుని, "ఆ రాత్రి నీకు బాగా భయమేసిందా మా?" అని అడిగాను. చాలాసేపు చెప్పింది. మిద్దె మీద నన్ను కొంగుతో తన నడుముకు కట్టుకుందట. అప్పటికి నాకు పెళ్ళీడు వచ్చింది, ఆ సంగతి నాకు గుర్తే లేదు. కౌన్సెలింగ్ మాట నేను ఎత్తలేదు. ఆమెకు కావాలంటే ఆమే అడుగుతుంది.

పడుకునే ముందు వచ్చే బుధవారం కోసం కాగితం రాసి పెట్టుకుంటున్నాను. సెషన్ చివర్లో మేడం మెచ్చుకుంటూ, "మీరు చాలా గట్టి మనిషి" అన్నారు. చిన్నప్పటి నుంచి అందరూ నన్ను అదే అన్నారు. ఆ మాట విన్నాక గొంతులోకి వచ్చిన ఏడుపు లోపలికే పోయింది, మిగతా పది నిమిషాలు నేను మంచి మాటలే చెప్పి వచ్చాను. తన మాట ఏదైనా నొప్పిస్తే తనకే చెప్పమని, అది కూడా ఈ పనిలో భాగమేనని ఆవిడే అన్నారు. అందుకని మొదటి వరసలో ఇదే రాశాను: "ఆ మాట నాకు బరువైంది. గట్టిగా లేని రోజుల గురించి మాట్లాడాలి." నోటితో చెప్పలేకపోతే కాగితమే ఆవిడ చేతికిస్తాను.