సీఎస్‌ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్: ఒక్క యాంటీ-ఐజీఎం యాంటీబాడీతో రెండు యూనిట్లు

పార్ట్ సిలో 75 ప్రశ్నలుంటాయి, 25 రాస్తే చాలు, ఒక్కోదానికి 4 మార్కులు. ఇమ్యునాలజీ 4వ యూనిట్, ఫ్లో సైటోమెట్రీ (రంగు తగిలించిన కణాలను లేజర్‌తో ఒక్కొక్కటిగా కొలిచే పద్ధతి) 13వ యూనిట్ అని రెండూ విడివిడిగా బట్టీ పట్టకండి. బి కణం మీది ఐజీఎంని (ఒక రకం యాంటీబాడీ) గుర్తించే యాంటీబాడీ ఒక్కటి తీసుకుని, ట్యూబ్ దగ్గర్నుంచి డాట్ ప్లాట్ (ఒక్కో కణం ఒక్కో చుక్కగా కనిపించే గ్రాఫ్) దాకా "ఎందుకు" అని అడుగుతూ చదవండి.

మౌస్ ప్లీహం కణాలతో మొదలుపెట్టండి. అమ్మోనియం క్లోరైడ్‌తో ఎర్ర కణాలు పోగొట్టి, 2% సీరం, సోడియం అజైడ్ కలిపిన పీబీఎస్ (ఉప్పు బఫర్)లో 100 మైక్రోలీటర్లకు 10 లక్షల కణాలు తీసుకుంటారు. ముందు 2.4జీ2 అనే యాంటీబాడీతో ఎఫ్‌సీ రిసెప్టర్లు (యాంటీబాడీల తోకను పట్టుకునేవి) మూసి, తర్వాత ఫ్లోరోక్రోమ్ (వెలిగే రంగు) తగిలించిన యాంటీబాడీ వేసి, చీకట్లో 4 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి కడుగుతారు. చల్లదనం, సోడియం అజైడ్ ఎందుకంటే, యాంటీబాడీ రెండు చేతులతో ఐజీఎంలను కలిపి పట్టుకుంటుంది. గది వేడిలో వదిలేస్తే అవి ఒక మూలకు చేరి (క్యాపింగ్) కణం లోపలికి వెళ్లిపోతాయి, సిగ్నల్ పడిపోతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 2.4జీ2 ర్యాట్ యాంటీబాడీ. ఆ తర్వాత యాంటీ-ర్యాట్ సెకండరీ (ర్యాట్ యాంటీబాడీలను పట్టే, రంగు తగిలించిన యాంటీబాడీ) వాడితే, బ్లాక్ చేసిన ప్రతి కణమూ వెలుగుతుంది. అప్పుడు టి కణాలు కాక మిగతావి చాలా వరకు పాజిటివ్‌గా కనిపిస్తాయి. కారణం అడిగితే జవాబు ఇదే.

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది మనిషి రక్తం విషయంలో. కడగని రక్తంలో నేరుగా యాంటీ-ఐజీఎం వేస్తే బి కణాలు నెగటివ్‌గా వస్తాయి. లెక్క వేసి చూడండి: మిల్లీలీటరు ప్లాస్మాలో సుమారు 1 మిల్లీగ్రాము ఐజీఎం. 100 మైక్రోలీటర్ల రక్తంలో సగం ప్లాస్మా అనుకున్నా 50 మైక్రోగ్రాములు. మనం వేసే యాంటీబాడీ 1 మైక్రోగ్రామే అయితే, అది కణం దాకా చేరకముందే కరిగి ఉన్న ఐజీఎంకే సరిపోతుంది. కప్పా, లాంబ్డా (యాంటీబాడీల తేలిక గొలుసులు) మీద పనిచేసే యాంటీబాడీలకూ ఇదే గతి, పైగా ప్లాస్మాలోని ఐజీజీ కూడా తోడవుతుంది. అందుకే రంగు వేసే ముందే బాగా కడగాలి. బి కణాల మీద ఉండే మరో గుర్తు సీడీ19కి ఈ బాధ లేదు, అదే ట్యూబ్‌లో చక్కగా వస్తుంది. ఈ తేడానే ఆప్షన్లలో వెతకండి.

ఎపిటోప్ (యాంటీబాడీ పట్టుకునే చోటు) ఎక్కడుందో కూడా చూసుకోండి. బి కణాల గుర్తు సీడీ20కి 2హెచ్7 క్లోన్ యాంటీబాడీ కణం బయటి భాగాన్ని పడుతుంది. ఎల్26 లోపలి భాగాన్ని పడుతుంది కాబట్టి పారాఫిన్ సెక్షన్లకు మంచిది, బతికున్న కణాల మీద పని చేయదు.

చనిపోయిన కణాలకు యాంటీబాడీలు ఊరికే అంటుకుంటాయి, చనిపోయిన కణాల్లోకి దూరే రంగు 7-ఏఏడీతో వాటిని గుర్తించి తీసేస్తారు. ఫిక్స్ చేశాక అది పనికిరాదు, ఫిక్సబుల్ డై ముందే వేయాలి. గేట్ (పాజిటివ్ కణాలను వేరు చేసే గీత) హద్దు ఎక్కడ గీయాలంటే ఎఫ్‌ఎంఓ (ఒక్క రంగు తప్ప మిగతావన్నీ వేసిన ట్యూబ్) చూడండి. ఐసోటైప్ కంట్రోల్ (లక్ష్యం లేని అదే రకం యాంటీబాడీ) ఇతర రంగుల స్పిల్‌ఓవర్‌ని (ఒక రంగు వెలుగు మరోదాని ఛానెల్‌లో పడటాన్ని) చెప్పదు.

చివరగా ఒకటి సాధన చేయండి. బోన్‌మ్యారోలో సీడీ19 ఉండి పైన ఐజీఎం లేని కణాల్లో ప్రీ-బి (బి కణంగా ఎదిగే ఒక దశ) ఏదో తేల్చాలంటే? కణాలను ఫిక్స్ చేసి, పొరకు రంధ్రాలు పెట్టి, లోపలి మ్యూ గొలుసుకు (ఐజీఎం బరువు గొలుసు) రంగు వేయాలి. అంతకు ముందు దశ అయిన ప్రో-బిలో అది ఉండదు.