బోల్ట్ రైఫిల్ కొనే ముందు చూడాల్సింది స్టాకు కాదు, బ్యారెల్ చివర

వేటకి మంచి రైఫిల్ ఏదని అడిగేవాళ్ళకి ముందు చట్టం సంగతి చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో సవరణ వచ్చాక మన దేశంలో సరదా వేట లేదు. మొక్కజొన్న చేలో అడవి పందులు పడి నాశనం చేస్తున్నా, లైసెన్సు తుపాకీ ఇంట్లో ఉంది కదా అని కాల్చకూడదు. ఆ చట్టం 11వ సెక్షన్ కింద అటవీ శాఖ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. కాబట్టి విజయవాడ, గుంటూరు వైపు బోల్ట్ రైఫిల్ (ప్రతి గుండుకీ చేత్తో బోల్టు లాగి తోసేది) కొనేవాడికి మిగిలేవి రెండే పనులు: రేంజిలో గురి, అనుమతి వచ్చినప్పుడు పంట కాపలా. ఏ బోరు (గొట్టం లోపలి సైజు) కొనాలన్నది దీన్నిబట్టే తేలుతుంది.

పంట కాపలాకే అయితే .315. పశ్చిమ బెంగాల్ ఇషాపూర్ ఫ్యాక్టరీ రైఫిల్, బ్రిటిష్ సైన్యం వాడిన పాత లీ ఎన్‌ఫీల్డ్ వంశం. బ్రిటిష్ వాళ్ళు సైన్యం వాడే .303ని జనానికి దూరంగా ఉంచాలనుకోబట్టి ఈ బోరు మన దేశంలో పాతుకుపోయింది. బుల్లెట్ 244 గ్రెయిన్లు, అంటే 16 గ్రాములకి కాస్త తక్కువ. దగ్గర దూరంలో దెబ్బ గట్టిది. సూక్ష్మమైన గురి మాత్రం దీన్నుంచి ఆశించొద్దు: స్కోపు లేకుండా తుపాకీ మీది సైటుతోనే 100 మీటర్ల దగ్గర అయిదు గుండ్లు 12 సెంటీమీటర్లలో పడితే అది మంచి తుపాకీ. ఇంతకంటే బాగా వస్తుందని అమ్మేవాడు చెబితే కాగితం మీద కాల్చి చూపించమనండి.

గురే ముఖ్యమైతే .22 బోల్ట్. తూటా చవక, దెబ్బ వెనక్కి తన్నదు, నేర్చుకునేది చాలా ఉంటుంది. చెక్ దేశపు పాత బర్నో మోడల్ 2 దొరికితే వదలొద్దు, కానీ విదేశీ సరుకు దిగుమతి దశాబ్దాలుగా బిగిసిపోయి ఉండటంతో వాటి ధర పనితనానికి కాక కొరతకి కడుతున్నట్టే ఉంటుంది. అంత పెట్టలేకపోతే దేశీ .22 తీసుకుని, మిగిలిన డబ్బు తూటాల మీద పెట్టడమే తెలివైన పని. అసలు మొదటిసారి గురి నేర్చుకునేవాళ్ళకి .177 ఎయిర్ రైఫిల్ చాలు. 20 జౌల్స్ లోపు శక్తి ఉన్నదానికి లైసెన్సు అక్కర్లేదు.

ఇక చూడటం. తుపాకీ ఖాళీ అని మీరే రెండుసార్లు చూసుకుని బోల్టు బయటికి లాగండి. చాంబర్ (తూటా కూర్చునే వెనక భాగం) వైపు తెల్ల కాగితం పెట్టి దాని మీద ఫోను టార్చి వేసి, బ్యారెల్ చివరి నుంచి లోపలికి చూడండి. బ్యారెల్ లోపలి మెలి గాళ్ళు పదునుగా మెరవాలి. మధ్యలో నల్లటి వలయం కనిపిస్తే బ్యారెల్ ఉబ్బింది, అక్కడితో బేరం ఆపేయండి. తుప్పు గుంటలు చాంబర్ వైపు ఒకటీ అరా ఉంటే ధర తగ్గించుకోవచ్చు గానీ, చివరి అంగుళంలో ఉంటే తీసుకోవద్దు. బుల్లెట్‌ని చివరగా తాకేది ఆ అంచే. అక్కడ ఒక పక్క చిన్న నొక్కు పడితే గ్యాసు ముందు ఆ పక్క నుంచి బయటికి తన్ని బుల్లెట్‌ని వంకర చేస్తుంది. పరీక్ష తేలిక: చెవిలో పెట్టుకునే దూది పుల్లని లోపలి నుంచి అంచు మీదుగా బయటికి లాగండి. దూది పోగులు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ దెబ్బ ఉంది. పాత తుపాకీల్లో ఈ జబ్బుకి కారణం చాలాసార్లు కాల్పులు కావు. శుభ్రం చేసే ఇనప కడ్డీని చివరి నుంచి దూర్చి ఏళ్ళ తరబడి ఒక పక్కే రుద్దడం.

.315లో బోల్టు మీద నంబరూ బాడీ మీద నంబరూ కలవాలి. వేరే తుపాకీ బోల్టు తగిలించి ఉంటే తూటా అంచు వెనక సందు పెరుగుతుంది. కాల్చిన తర్వాత ఖాళీ షెల్ అడుగుకి సెంటీమీటరు పైన మెరుస్తున్న గీత చుట్టూ కనిపిస్తే ఆ సందు ఎక్కువైందన్న మాట, షెల్ రెండు ముక్కలయ్యే దారిలో ఉంది. నంబర్లు కలవకపోతే లైసెన్సు కాగితాల దగ్గరా తంటానే. .22లో మరో జాగ్రత్త: ఖాళీ చాంబర్ మీద ట్రిగ్గర్ పదేపదే నొక్కి చూడొద్దు. పిన్ను చాంబర్ అంచుకి తగిలి గుంట పడొచ్చు. డమ్మీ తూటా పెట్టి చూడండి.

ట్రిగ్గర్ బరువు కొలవడానికి లగేజీ తూచే స్ప్రింగ్ కాటా చాలు. .22కి కిలోన్నర లోపు హాయిగా ఉంటుంది. లీ ఎన్‌ఫీల్డ్ తరహా ట్రిగ్గర్ రెండు దశల్లో కదిలి బరువుగా ఉంటుంది, అది లోపం కాదు. ఖాళీ తుపాకీకి కాక్ చేసి (బోల్టు లాగి తోసి కాల్పుకి సిద్ధం చేసి) బట్టు, అంటే స్టాకు వెనక కొస, అడుగుని చెక్క మీద అరచేతి దెబ్బంత గట్టిగా తాకించండి. ట్రిగ్గర్ నొక్కకుండానే కాక్ పడిపోతే ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

గుండ్లు ఊరికే చెల్లాచెదురుగా పడుతుంటే బ్యారెల్‌ని తిట్టే ముందు యాక్షన్ స్క్రూలు (తుపాకీ బాడీని స్టాకుకి బిగించేవి) చూడండి. మన కృష్ణ ఒడ్డు ఉక్కపోతకి, అక్టోబరు తుపాను వానలకి చెక్క స్టాకు ఉబ్బి, మేలో ఆరి ముడుచుకుంటుంది. స్క్రూ వదులైపోతుంది. .22కి 3 నుంచి 4 న్యూటన్ మీటర్ల బిగువు సరిపోతుంది. .315 ముందు చెక్కని మాత్రం బ్యారెల్ తగలకుండా చెక్కేయొద్దు. ఆ తరహా తుపాకీలో బ్యారెల్‌ని చెక్క కొంత పట్టుకుని ఉండేలాగే పెట్టారు. స్కోపు కోసం బాడీకి రంధ్రాలు వేయించాలంటే ఆయుధ మరమ్మతు లైసెన్సు ఉన్న దుకాణంలోనే.

తూటాల విషయానికొస్తే, 50 మీటర్ల గురికి స్టాండర్డ్ వెలాసిటీ .22 కొనండి. అది సెకనుకి 325 మీటర్ల చుట్టుపక్కల వెళ్తుంది. 20 డిగ్రీల దగ్గర ధ్వని వేగం 343, మన మే మధ్యాహ్నం 42 డిగ్రీల్లో దాదాపు 356. కాబట్టి అది దారంతా ధ్వని కంటే నెమ్మదిగానే ఉంటుంది. హై వెలాసిటీ రకం 380 దగ్గర బయల్దేరి 50 మీటర్లు చేరేలోపే ధ్వని వేగాన్ని దాటి కిందికి దిగుతుంది, ఆ దిగేటప్పుడే ఊగిపోతుంది. ఎక్కువ ధర పెట్టి ఎక్కువ చెదరడం అంటే ఇదే.

ఒకే రకం కాకుండా రెండు మూడు లాట్ల (ఒకేసారి తయారైన బ్యాచిల) పెట్టెలు తెచ్చి, ఒక్కో లాటుతో అయిదేసి గుండ్లు నాలుగు సార్లు కాల్చండి. ఆనిక ముందు చెక్క కింద ఉండాలి, బ్యారెల్ కింద కాదు. శుభ్రం చేశాక మొదటి రెండు మూడు గుండ్లు లెక్కలోకి తీసుకోవద్దు. 50 మీటర్ల దగ్గర నాలుగు గుంపుల సగటు వెడల్పు 25 మిల్లీమీటర్లలో ఉంటే ఆ తుపాకీకి ఆ లాటు కుదిరింది. ఒక్క మంచి గుంపు ఫోటో తీసి మురిసిపోవడం మాత్రం లెక్క కాదు.

ఇంట్లో తోలు కవరులో పెట్టొద్దు. తోలు చెమ్మ లాక్కుని ఇనుముకి అంటిస్తుంది. సిలికా జెల్ సంచి పెట్టిన అల్మరా, పలచటి నూనె పూత చాలు. కాల్చే ముందు బ్యారెల్ లోపల నూనె తుడిచేయాలి.

కాగితాల దగ్గర: విజయవాడ కమిషనరేట్ పరిధిలో లైసెన్సు అధికారి పోలీసు కమిషనర్, గుంటూరులో కలెక్టర్. 2019 సవరణ తర్వాత ఒక్కరికి రెండు తుపాకీలే, లైసెన్సు గడువు అయిదేళ్ళు. డీలర్ దగ్గర కాకుండా లైసెన్సు ఉన్న మరో వ్యక్తి దగ్గర పాతది కొంటే, అమ్మేవాడు అధికారికి రాసిచ్చి 45 రోజులు గడిచాకే చేతికి రావాలి. అడ్వాన్సు ఇచ్చి ముందే ఇంటికి తెచ్చుకోవడం ఇద్దరికీ నేరమే.