గంటా పావు ప్రయాణం, ఆరు గంటల పొద్దు

హైదరాబాద్ నుంచి వైజాగ్‌కి ఆకాశంలో తిన్నగా వెళ్తే సుమారు 510 కిలోమీటర్లు, టికెట్ మీద గంటా పావు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో 12 గంటల పైనే కదా అని మురిసిపోయి బుక్ చేశా. తీరా చూస్తే కూకట్‌పల్లిలో తెల్లారి 5 గంటలకే క్యాబ్ ఎక్కాలి, శంషాబాద్‌లో లైన్లు, బెల్టు విప్పి ట్రేలో పెట్టడం, పిన్ని కోసం తెచ్చిన ఆవకాయ సీసాని చేతి బ్యాగులోంచి తీసి పక్కన పెట్టేశారు (పెద్ద లగేజీలో వేయాల్సింది, తప్పు నాదేలే). ఇంకోటి, టికెట్ మీది టైం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా అట, అంటే రన్‌వే ముందు క్యూ కూడా అందులోనే. గాల్లో ఎంతసేపని, నీళ్ల సీసా మూత తీసేలోపే కిటికీలో సముద్రం! ఇంటికి చేరేసరికి 11. గుమ్మంలోనే పిన్ని, "ఆవకాయేదిరా?"