మోం బ్లాం చుట్టూ అప్రదక్షిణం

టూర్ డు మోం బ్లాం నడవాలంటే మోకాళ్లు గట్టిగా ఉండాలని అందరూ చెబుతారు. మంచాల సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్‌ల మీదుగా ఆల్ప్స్‌లోని మోం బ్లాం కొండ చుట్టూ తిరిగే దారి ఇది. దాదాపు 170 కిలోమీటర్లు. ఎక్కే ఎత్తులన్నీ కలిపితే పదివేల మీటర్ల దాకా తేలుతుంది. రాత్రిళ్లు తలదాచుకోడానికి కొండల మీద రెఫ్యూజ్‌లు ఉంటాయి. వాటిలో వేసవికి మంచం కావాలంటే చలికాలంలోనే బుక్ చేసుకోవాలి. జనవరిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే అప్పటికే సగం తేదీలు నిండిపోయాయి. ఇంక మేం నడిచిన దారిని నిర్ణయించింది మ్యాప్ కాదు, దొరికిన మంచాలు. ఒకరోజు మధ్యాహ్నానికే చేరిపోయి గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవడం, మర్నాడు రెండు రోజుల నడక ఒక్క రోజులో లాగించడం. భోజనంతో కలిపి మనిషికి అరవై యూరోల పైమాటే. ఇంతా చేసి ఇచ్చేది పక్కపక్కనే పరిచిన పరుపుల్లో ఒకటి, ఆ పక్కవాళ్ల గురక.

బయల్దేరే ముందు మ్యూనిక్ నుంచి అమ్మకి వీడియో కాల్‌లో మ్యాప్ చూపించాను. అరుణాచలం గిరిప్రదక్షిణ పద్నాలుగు కిలోమీటర్లూ చెప్పుల్లేకుండా చేసొచ్చిన మనిషి. "అదేంటే, కొండని ఎడంచేతి వైపు పెట్టుకుని తిరుగుతారుటే ఎవరైనా?" అంది. ఎక్కువమంది అలాగే తిరుగుతారమ్మా అంటే, "తిరిగితే సరా" అని ఫోన్ నాన్నకిచ్చేసింది.

అలా అందరూ ఒకే వైపు తిరగడం వల్ల వచ్చే తలనొప్పి నడక మొదలయ్యాకగానీ తెలీదు. ఏ రెఫ్యూజ్‌కి చేరినా మళ్లీ ఆ మొహాలే. కర్రలు టకటకలాడించుకుంటూ వచ్చే డచ్ కుటుంబం, స్పీకర్‌లో పాటలు పెట్టుకుని నడిచే నలుగురు కుర్రాళ్లు. మేం బయల్దేరిన ఫ్రెంచ్ ఊరు లెజూష్ నుంచి కొంతమిన్ ఊరి దాకా వాన తప్ప చెప్పుకోడానికేం లేదు. బొనోమ్ కనుమ 2,329 మీటర్లు. జులైలో కూడా నీడపట్టున మంచు కరగలేదు.

కనుమ దాటాక రెఫ్యూజ్‌లో భోజనం మాత్రం మర్చిపోలేను. రెఫ్యూజ్‌లో బూట్లు గుమ్మం దగ్గర అరలో పెట్టి, రబ్బరు చెప్పులేసుకుని లోపలికి వెళ్లాలి. ఏడింటికి ఠంచనుగా వడ్డన, పొడవాటి బల్లల మీద అందరికీ కలిపి. మాంసం, గుడ్డు రెండూ తిననని ముందే మెయిల్ పెట్టాను. కూరగాయల సూప్ అయ్యాక వడ్డించే అబ్బాయి ఎంతో శ్రద్ధగా ఆమ్లెట్ తెచ్చి నా ముందు పెట్టాడు. మా ఆయన దాన్ని తన పళ్లెంలోకి లాక్కోబోతుంటే, ఎదురుగా కూర్చున్న పెద్దావిడ ఫ్రెంచ్‌లో గబగబా ఏదో అంది. అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. ఐదు నిమిషాల్లో క్రోజే తెచ్చాడు. సవోయ్ ప్రాంతంలో చేసుకునే పాస్తా అది. చిటికెనవేలి గోరంత చదరపు పలుకులు, లేత గోధుమరంగు, చెంచా ఎత్తితే బోఫోర్ చీజ్ తీగలు సాగుతోంది. కారం లేదు, పోపు లేదు. అయినా సిగ్గుపడకుండా రెండోసారి పెట్టించుకున్నాను.

ఆవిడది లియాన్. డెబ్బై దాటాయి. ఒంటరిగా నడుస్తోంది, అదీ మాకు ఎదురు దిక్కున! స్విట్జర్లాండ్‌లోని షాంపేలో మొదలుపెట్టి కొండని కుడివైపు ఉంచుకుని వస్తోంది. భక్తేమీ కాదు. ఎదురొచ్చేవాళ్లని ఒక్కసారి చూస్తే సరిపోతుందట, ప్రతి రాత్రీ వాళ్ల కబుర్లు వినక్కర్లేదట. కాకపోతే రోజంతా వచ్చేవాళ్లందరికీ బోంజూర్ చెప్పీ చెప్పీ దవడలు పీకుతున్నాయంది. అమ్మ చూసుంటే ఆవిడకి బొట్టు పెట్టి మరీ పంపేది. శిఖరం ఎత్తు రెండేళ్లకోసారి కొలుస్తారని కూడా ఆవిడే చెప్పింది. 2021లో 4,807.81 మీటర్లు, 2023లో 4,805.59. కొన మీదున్నది మంచు టోపీ కాబట్టి గాలినిబట్టి, కురిసిన మంచునిబట్టి మారిపోతుంది. "నేనూ తగ్గాను" అని నవ్వింది.

సేన్య కనుమ మీద సరిహద్దు దాటి ఇటలీలోకి దిగాం. పాస్‌పోర్ట్ అడిగినవాడు లేడు. లెజూష్ పక్కనే ఉన్న షమొనీ ఊరి వైపు నుంచి తెల్లటి గుండ్రటి కొండ, ఇటువైపు చూస్తే నల్లటి రాతిగోడ. కూర్మయోర్‌లో మా ఆయనకి బస్టాండ్ కనిపించింది. 1965లో తెరిచిన సొరంగం కొండ కింద నుంచి 11.6 కిలోమీటర్లు, ఆవలి కొస షమొనీ పక్కనే. "ఎక్కేద్దామా?" అన్నాడు. డబ్బు కట్టేసిన మంచాలు గుర్తొచ్చి తనే మళ్లీ బ్యాగు తగిలించుకున్నాడు. ఫెరే లోయలో ప్రాక్టీసు చేస్తున్న రన్నర్లు ముగ్గురు మమ్మల్ని దాటుకుని పోయారు. 2003 నుంచి ఇదే చుట్టు మీద ఆగస్టు చివర్లో పరుగు పోటీ జరుగుతోంది. గెలిచేవాళ్లు ఇరవై గంటలకి అటూ ఇటూగా ముగించేస్తారు. వాళ్లకి బుకింగ్ టెన్షనే లేదు.

గ్రాండ్ కోల్ ఫెరే 2,537 మీటర్లు. పొగమంచులో స్విట్జర్లాండ్‌లో అడుగుపెట్టాం. మొదటి కొట్లో టీ ధర చూసి తాగకుండానే వేడెక్కాను. యూరోలు తీసుకుని చిల్లర మాత్రం ఫ్రాంకుల్లో ఇచ్చారు. ఆ చిల్లర ఇంకా నా పర్సులోనే ఉంది. ఆ దేశంలో మిగతాదంతా ఆవుల గంటలు, అంగుళం తేడా లేకుండా పేర్చిన కట్టెలు.

మళ్లీ ఫ్రాన్స్‌లోకి వచ్చాక ట్రే-లే-షాం దాటి రాతిగోడకి బిగించిన ఇనుప నిచ్చెనలు ఎక్కాలి. ఎందరి చేతులో పట్టి పట్టి వాటి మెట్లు వెండిలా నున్నబడ్డాయి, పొద్దున్నే జివ్వుమనే చల్లదనం. మా ఆయన కిందకి చూడకుండా నా బూట్లనే చూస్తూ ఎక్కాడు. పైకెళ్లాక లోయ అవతల మోం బ్లాం మొత్తం కనబడింది. ఎడంచేతి వైపే.

బ్రెవాన్ శిఖరం నుంచి లెజూష్‌కి ఒకటే దిగుడు, పదిహేను వందల మీటర్లు. కేబుల్ కార్ టికెట్ ధర కనుక్కొచ్చి, నడిచే దిగుదామన్నాడాయన. ఇంటికొచ్చాక మోకాళ్లు మొరాయించి మెట్లు వెనక్కి తిరిగి దిగాల్సొచ్చింది. మాది నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు.