పీటీఎస్‌డీ: వెళ్లకముందే తేల్చేసుకునే భయం

పీటీఎస్‌డీ అంటే ప్రమాదం, హింస లాంటి ఘోరమైన అనుభవం తర్వాత వచ్చే మానసిక సమస్య. ఆ పేరు వినగానే పీడకలలు, జరిగింది మళ్లీ కళ్లముందు తిరగడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడడం గుర్తొస్తాయి. ఇంట్లోవాళ్లకు అంతుపట్టని లక్షణం ఇంకొకటుంది: రేపటిని ఊహించుకునే తీరు మారిపోవడం. ఎంత భయమేస్తుందో ఎక్కువగా, ఎంత సంతోషంగా ఉంటుందో తక్కువగా అంచనా వేసుకుంటారు. ఆ అంచనాను బట్టే ఇల్లు కదలాలో వద్దో తేల్చుకుంటారు.

హైవే మీద బైక్ ప్రమాదం నుంచి బయటపడ్డ మనిషిని తీసుకోండి. కాలు అతుక్కుంది, ఆఫీసుకు వెళ్తున్నాడు. మేనమామ కూతురి పెళ్లికి కారులో రెండు గంటల ప్రయాణం. వారం ముందు నుంచే కడుపులో తిప్పడం, నిద్ర పట్టకపోవడం. చివరికి ‘ఒంట్లో బాగోలేదు, మీరు వెళ్లిరండి’ అంటాడు. ఆ మాట అన్న మరుక్షణం ఒళ్లంతా తేలికపడుతుంది. అసలు చిక్కు ఆ తేలికలోనే ఉంది. వెళ్లలేదు కాబట్టే బతికిపోయానని మెదడు నేర్చుకుంటుంది. వెళ్లుంటే నిజంగా ఎలా ఉండేదో తెలిసే అవకాశమే పోతుంది. తర్వాతి శుభలేఖ వచ్చేసరికి భయం ఇంకాస్త పెరిగి ఉంటుంది.

దీన్ని పిరికితనం అనడం అన్యాయం. గుండె దడ, కడుపులో తిప్పడం లాంటి శరీరం లోపలి సంగతులను గమనించే భాగం మెదడులో ఒకటుంది, దాని పేరు ఇన్సులా. భర్త లేదా భాగస్వామి చేతిలో హింసకు గురై పీటీఎస్‌డీ వచ్చిన స్త్రీలకు, కాసేపట్లో చెడ్డ బొమ్మ కనిపిస్తుందని సూచన ఇచ్చి పరిశీలించారు. బొమ్మ రాకముందే వాళ్లలో ఈ భాగం మామూలు వాళ్లకన్నా ఎక్కువగా స్పందించింది. పైగా ఎప్పుడొస్తుందో తెలియని ముప్పు వీళ్లను మరీ కుదిపేస్తుంది. అందుకే ఇంట్లోవాళ్లు బయల్దేరే టైం, వెళ్లే దారి, ఎక్కడ ఆగుతారో ముందే చెప్పి, ఆ మాట మీద నిలబడాలి. ‘సర్‌ప్రైజ్’ ప్రయాణాలు వద్దు.

సంతోషం సంగతి వేరు. మానసిక సమస్యలను గుర్తించడానికి వైద్యులు వాడే పుస్తకం డీఎస్ఎం-5. 2013లో వచ్చిన ఈ పుస్తకం ప్రేమ, సంతోషం, తృప్తి లాంటివి కలగకపోవడాన్ని విడిగా ఒక లక్షణంగా పేర్కొంది. మనసు మొద్దుబారిన మనిషి బిడ్డను ఎత్తుకున్నా ఏమీ అనిపించడం లేదని తనను తానే తిట్టుకుంటాడు. ఇంకొందరికి సంతోషమే భయపెడుతుంది. గట్టిగా నవ్వినప్పుడు కొట్టుకునే గుండె, ప్రమాదమప్పుడు కొట్టుకున్న గుండెలాగే తోస్తుంది. ఎక్కువ నవ్వితే ఏడవాల్సి వస్తుందని మన ఇళ్లలో అనే మాట దీనికి తోడైతే, నవ్వు వచ్చినా ఆపేసుకుంటారు.

థెరపీలో ఎక్కువగా సరిదిద్దాల్సింది ఈ అంచనానేనని నా నమ్మకం. ఒక నోట్‌బుక్ చాలు. బయల్దేరే ముందు రెండు అంకెలు వేయాలి, 0 నుంచి 100 వరకు: ఎంత భయమేస్తుంది, ఎంత బావుంటుంది. పక్కన తర్వాత సరిచూసుకోగలిగే ఒక్క వాక్యం రాయాలి. ‘చాలా ఇబ్బందిగా ఉంటుంది’ అంటే పనికిరాదు. ‘లారీ పక్కకు వస్తే కళ్లు తిరిగి పడిపోతాను’ అని రాస్తే, పడ్డారో లేదో తేలిపోతుంది. అక్కడికి వెళ్లాక అవే రెండు అంకెలు మళ్లీ వేయాలి. మర్నాటికి వాయిదా వేస్తే జ్ఞాపకం పాత భయం రంగు పులుముకుంటుంది. ‘వెళ్లాలనిపించిందా’, ‘వెళ్లాక బావుందా’ అన్నవి రెండూ విడివిడిగా రాయాలి. మొదటిది సున్నా అయినా రెండోది 20 కావచ్చు. అందుకే మూడ్ కోసం ఎదురుచూడకుండా, అనుకున్న టైంకు బయల్దేరాలి.

మొదటి మెట్టు భయం 30, 40 దగ్గర ఉండాలి: ఆగి ఉన్న కారులో కూర్చోవడం, తర్వాత వీధి చివరి వరకు వెళ్లి రావడం. నేరుగా 90 దగ్గర మొదలుపెట్టి మధ్యలో దిగిపోతే, ఆ అంచనా నిజమేనని రుజువు చేసినట్టవుతుంది. భయం తగ్గే వరకు ఉండాలి, అరగంట నుంచి గంట పట్టొచ్చు. ఇక్కడ తరచూ దెబ్బతీసేవి చిన్న జాగ్రత్తలు: సీటు పిడి బిగించి పట్టుకోవడం, కళ్లు మూసుకోవడం, బయల్దేరేముందు ఒక పెగ్గు. ఏమీ కాకపోతే ఆ ఘనత పిడికో పెగ్గుకో పోతుంది. నిజంగా ప్రమాదకరమైన వాటిని మాత్రం ఈ జాబితాలోకి తేకూడదు. కొట్టిన మనిషి ఇంకా అదే ఇంట్లో ఉంటే ముందు కావలసింది రక్షణ.

ఇవి రోజువారీ పనులకే. ఆ రోజు జరిగినదాన్ని పూసగుచ్చినట్టు తిరిగి చెప్పే భాగం శిక్షణ ఉన్న థెరపిస్టు దగ్గరే చేయాలి. ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ అనే ఆ పద్ధతికి మామూలుగా 8 నుంచి 15 సెషన్లు పడతాయి. ఒక్కోటి గంట నుంచి గంటన్నర. ఇంట్లో చేస్తుండగా చుట్టుపక్కల స్పృహ తప్పుతున్నట్టు ఉంటే ఆపేసి, పాదాలు నేలకు ఆనించి కనిపించే వస్తువుల పేర్లు పైకి చెప్పాలి. చావాలన్న ఆలోచన వస్తే నోట్‌బుక్ పక్కన పెట్టి వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.